ఇంటిపేరు మీద రెండు పిట్టలు

ష్పాచెక్‌ల ఇంట్లో తండ్రీ గీసేవాడే, కొడుకూ గీసేవాడే. తండ్రి గడ్డాలు గీశాడు, కొడుకు బొమ్మలు గీశాడు. ఇద్దరిలో ఎవరి వల్ల ఎక్కువమందికి గాట్లు పడ్డాయో మా యావొర్నా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు.

తండ్రి సెలూన్ చర్చికి ఎదురుగా ఉండేది. వెండెలీన్ పుట్టి పెరిగింది ఆ సబ్బు వాసనలోనే. నురగ పట్టించాక మనిషి మొహంలో ఇక మిగిలేవి ముక్కూ, చెవులూ, కళ్ళూ. డాక్టరైనా బండి తోలేవాడైనా నురగ కింద అంతా ఒకటే. "ముక్కు దొరికితే మనిషి దొరికినట్టేరా," అనేవాడు తండ్రి, పైపెదవి గీయడానికి ముక్కు కొసని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంటూ. ఆ మాటని కొడుకు తనకి కావలసిన రకంగా నేర్చుకున్నాడు. తొమ్మిదో ఏట, ఫాదర్ గారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండగా, అద్దం మీద సబ్బుతో ఆయన ముక్కు గీసేశాడు. ముక్కొక్కటే, ఇంకేమీ లేదు. తండ్రి చెంప ఛెళ్ళుమనిపించి గుడ్డ తీసుకుని తుడవబోతే, బల్ల మీద వరస కోసం కూర్చున్నవాళ్ళు తుడవనివ్వలేదు. ఫాదర్ గారు కళ్ళు తెరిచి చూసుకుని, "వచ్చే వారం దాకా ఉంచవయ్యా. మా చెల్లెలు వస్తుంది, చూపించాలి," అన్నాడు.

యుద్ధం అయ్యాక వెండెలీన్ ప్రాగ్ వెళ్ళి బొమ్మలు చదువుకున్నాడు. ఒక హాస్య వారపత్రికలో కుదురుకున్నాడు. ఇరవయ్యేళ్ళు మంత్రుల ముక్కులు, మేనేజర్ల గడ్డాలు, వరసల్లో నిలబడ్డ ఆడవాళ్ళ టోపీలు గీశాడు. సంతకం మాత్రం పూర్తిగా పెట్టేవాడు కాదు. మా అక్షరాల్లో కొన్నిటి నెత్తిన చిన్న కొక్కెం ఉంటుంది. దూరాన ఎగిరే పిట్టని పిల్లలు గీస్తే ఎలా ఉంటుందో అలా. అది వాలితే 'స' కాస్తా 'ష' అయిపోతుంది, 'ట్స' కాస్తా 'చ' అయిపోతుంది, ఎగిరిపోతే మళ్ళీ మొదటికొస్తాయి. ష్పాచెక్ పేరులో అలాంటివి రెండున్నాయి. పైగా ఆ మాటకి అర్థమే గోరింక. అందుకని అతను అక్షరాలన్నీ ఎగరగొట్టి, బొమ్మ మూల ఆ రెండు కొక్కేలు మాత్రం పెట్టేవాడు. పత్రిక చేతికి రాగానే జనం ముందు పిట్టల్ని వెతుక్కుని, తర్వాత నవ్వేవాళ్ళు.

పెళ్ళి మాత్రం కాలేదు. ప్రాగ్‌లో ఒకమ్మాయి ఒప్పుకుంది. అతను సంతోషం పట్టలేక ఆమె బొమ్మ గీసి ఇచ్చాడు. బొమ్మ చూశాక ఆమె ఒప్పుకోలేదు. ఆ తర్వాత అతను తనకి కావలసిన ఆడమనిషిని గీయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

అరవై ఎనిమిదిలో మా దేశంలోకి పొరుగు దేశాల నుంచి పిలవని చుట్టాలు ట్యాంకులెక్కి వచ్చారు. ఆ వారం వెండెలీన్ ఒక బొమ్మ వేశాడు. ఓ ఇంట్లో భోజనాల బల్ల. పళ్ళెంలో క్నెడ్లీక్‌లు, అంటే ఉడికించిన పిండి ఉండలు, అన్నీ అయిపోయాయి. బల్ల చివర ఒక లావుపాటి అతిథి తన కోటుని ఇంటివాడి మేకుకి తగిలించేసి, "మీరు లేవకండి, నేను ఉండిపోతాను," అంటున్నాడు. ఏడాదిన్నర తర్వాత, పత్రికల్లో ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చే రోజులొచ్చాయి. ముగ్గురు మనుషులు అతన్ని ఓ గదిలోకి పిలిచి ఆ బొమ్మ ముందు పెట్టారు. పశ్చాత్తాపం ఉందా అని అడిగారు.

"ఉందండీ," అన్నాడు వెండెలీన్. "ముక్కు కొంచెం చిన్నదైపోయింది."

అంతే. ఆ రోజు నుంచి అతని పేరు ఎక్కడా అచ్చవడానికి వీల్లేకుండా పోయింది. నలభై నాలుగేళ్ళ మనిషి సూట్‌కేసు పట్టుకుని యావొర్నా తిరిగొచ్చాడు. తండ్రి పోయాడు, సెలూన్ మునిసిపాలిటీ వాళ్ళదైపోయింది. అయినా కుర్చీ అదే, అద్దం అదే. గీయడం ఆగలేదు లెండి, గీసేది మారిందంతే.

మొదటి ఏడాది ఊరివాళ్ళు అతని చేతిలోని కత్తికి తప్ప దేనికీ భయపడకుండా వచ్చి గడ్డాలు గీయించుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. రొట్టెల భట్టీ నడిపే బార్తొష్ ఒక్కడు మాత్రం, "నన్ను గీస్తే ఊరుకోను సుమా," అని వారం వారం బెదిరించేవాడు. గీయమని బతిమాలడం అతని పద్ధతిలో అదే.

డెబ్భై రెండు శీతాకాలంలో ఒక సాయంత్రం, మగవాళ్ళ సెలూన్‌లోకి ఆడమనిషి వచ్చింది. బడిలో చెక్ భాషా, డ్రాయింగూ చెప్పే అపొలెనా కొసినొవా. ముప్ఫయ్యైదేళ్ళు ఉంటాయి. పిల్లల నోటుపుస్తకాల్లో కొక్కేలు మర్చిపోయిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో గుచ్చి గుచ్చి పెట్టే మనిషి. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఉత్తరం రాసేటప్పుడు ఆవిడ వెనక నిలబడ్డట్టే రాస్తారు.

"మా నాన్న మఫ్లర్ మర్చిపోయాడండీ," అంది గట్టిగా, బల్ల మీద ఉన్నవాళ్ళు వినేలా. వాళ్ళు వెళ్ళిపోయేదాకా మఫ్లర్ వెతికింది. అది ఆవిడ మెడలోనే ఉంది.

"ష్పాచెక్ గారూ," అంది తర్వాత, "బ్ర్నోలో నాతో చదువుకున్నావిడ పిల్లల పుస్తకాలు వేస్తుంది. నా పద్యాలు తీసుకుంది. క్షవరానికి వెళ్ళిన ముళ్ళపంది కథ. బొమ్మలు కూడా నన్నే వేసెయ్యమంటోంది."

"వెయ్యండి మరి."

"నేను డ్రాయింగ్ చెప్తానండీ. గీయడం రాదు." సంచిలోంచి కాగితం తీసి చూపించింది.

వెండెలీన్ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు. "బూటు బ్రష్షు బాగానే ఉంది. ముళ్ళపంది ఎక్కడ?"

ఆవిడకి కోపం రాలేదు. "అందుకే వచ్చాను. పేరు నాది, చెయ్యి మీది. మీ పేరెలాగూ అచ్చవదు, నా చెయ్యెలాగూ పనికిరాదు."

నిషేధం పడ్డవాడికి తన పేరు అరువిచ్చే మనిషిని ఆ రోజుల్లో మావాళ్ళు 'కప్పు వేసేవాడు' అనేవారు, ఇంటికి పెంకులు కప్పే పనివాడి మాటే. దొరికితే తడిసేది ఇద్దరూనూ. టీచరుకైతే ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఏ బడి గుమ్మమూ తొక్కనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

"ఎవరికీ తెలియకూడదు," అంది అపొలెనా. "పిట్టలు పెట్టకూడదు. ఇంకోటి, మనం ఎప్పటికీ 'మీరు' అనే అనుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. అలవాటైతే నలుగురిలో నోరు జారుతుంది."

మా వైపు 'మీరు' లోంచి 'నువ్వు'లోకి దిగడం ఆషామాషీ పని కాదు. పెద్దవాళ్ళుగాని, ఆడమనిషిగాని ముందు అడగాలి. గ్లాసులు తాకించి, ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుని, ఒక గుక్క వేయాలి. ఆ తర్వాత చచ్చేదాకా నువ్వే. మగవాడు తనంతట తాను ఆడమనిషిని 'నువ్వు' అనేశాడంటే వాడి పెంపకం గురించి నాలుగు వీధుల్లో చెప్పుకుంటారు. కనక ఆవిడ పెట్టిన షరతుకి అర్థం ఏమిటంటే, మనం పనిచేద్దాం గాని దగ్గర కావద్దు అని. వెండెలీన్ సరేనన్నాడు. అప్పటికి అతనికి అది పెద్ద షరతులా అనిపించలేదు.

బొమ్మలు చేరవేసింది అపొలెనా తండ్రి, ముసలి కొసినా (మాలో ఆడవాళ్ళకైతే అదే ఇంటిపేరు కొసినొవా అవుతుంది). రిటైరైన పోస్ట్‌మాన్, బ్రహ్మచెవుడు. ప్రతి శుక్రవారం గడ్డానికి వచ్చేవాడు, చేతిలో పుట్టగొడుగుల బుట్ట. వెళ్ళేటప్పుడు పుట్టగొడుగుల కింద బొమ్మల చుట్ట ఉండేది. నలభయ్యేళ్ళు ఉత్తరాలు మోసిన చెయ్యి, ఏమడక్కుండా మోసింది. ఓసారి బుట్టలో నత్త ఒకటి ముళ్ళపంది బొమ్మ మీద ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి వెళ్ళింది. జిగురు గీత పోలేదు. అపొలెనా దాన్ని వాగు అనుకోమంది, పద్యంలో ఒక వాగు కలిపింది.

డెబ్భై నాలుగులో పుస్తకం వచ్చింది. 'మాటలు, బొమ్మలు: అపొలెనా కొసినొవా.' అక్కడే వెండెలీన్ ఒక తప్పు చేశాడు. చేశాడనడం కన్నా, చేయకుండా ఉండలేకపోయాడనాలి. ముక్కు పట్టుకోకుండా అతను దేన్నీ గీయలేడు. అందుకని అడవిలో తిరిగే ముళ్ళపంది అచ్చం పోస్ట్‌మాన్ కొసినా. గుడ్లగూబ బడి హెడ్మాస్టరు. బాతుకేమో బార్తొష్ భార్య మెడ.

ఆ శనివారం సారా దుకాణంలో, బీరు గ్లాసుల మధ్య ఒక పుస్తకం చేతులు మారింది. బార్తొష్ బాతుని చూశాడు. చాలాసేపు చూశాడు. హెడ్మాస్టరు గుడ్లగూబని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ప్రాగ్ పత్రికలో ఆ చెయ్యిని ఇరవయ్యేళ్ళు చూసినవాళ్ళే అందరూ.

"టీచర్ గారు బాగా గీశారు," అన్నాడు బార్తొష్ చివరికి.

"ఔను, బాగా గీశారు," అన్నారు మిగతావాళ్ళు. తర్వాత హాకీ సంగతి మాట్లాడుకున్నారు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. మా పిల్లులు రెండూ అలాగే రెండేళ్ళు తాగాయి. వీధిలో ఎదురుపడితే, "నమస్కారం టీచర్ గారూ," "నమస్కారం ష్పాచెక్ గారూ," అని తల వంచుకుని పోయేవాళ్ళు. ఊరు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగేది. ఒక్క బార్తొష్ భార్య మాత్రం రొట్టెలు కట్టి ఇస్తూ, "బాతు గొంతు కింద మూడు మడతలేంటి టీచరమ్మా? లెక్క చూసుకోవద్దూ? నాకు రెండే," అనేసింది.

ఇదంతా బాగానే సాగేది, వెండెలీన్ రెండో షరతు కూడా తప్పకపోతే. పేరు మొత్తం ఇచ్చేసినవాడు ఆ రెండు కొక్కేలు మాత్రం ఇవ్వలేకపోయాడు. మొదట్లో ఆకాశంలో పెడితే అపొలెనా రబ్బరుతో తుడిచేసింది. దాంతో దాచడం మొదలుపెట్టాడు. ముళ్ళపంది కనుబొమ్మల్లో, మంచం మీది దుప్పటి మడతల్లో, పొగ గొట్టం పొగలో. మూడో పుస్తకం వచ్చాక ఎవడో పాత చందాదారుడు భూతద్దం పెట్టి చూసి, జిల్లా అధికారులకి ఉత్తరం రాశాడు.

డెబ్భై ఆరు సెప్టెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం జిల్లా నుంచి ఒక మనిషి దిగాడు. చేతిసంచిలో మూడు పుస్తకాలు. బడికి వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడి, అక్కణ్ణుంచి నేరుగా సెలూన్‌కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ముసలి కొసినా, బార్తొష్ ఉన్నారు.

"గడ్డం," అన్నాడు. వెండెలీన్ నురగ పట్టిస్తుంటే, "ఈ ఊళ్ళో పిల్లల పుస్తకాలు రాసే టీచరు ఉందటగా. మీకు తెలుసా?" అన్నాడు.

"ఊరన్నాక ఎదురుపడతాం. నమస్కారమంటే నమస్కారం. అంతేనండీ."

"అంతేనా?"

"అంతే."

సరిగ్గా అప్పుడు తలుపు భళ్ళున తెరుచుకుంది. హెడ్మాస్టరు కబురు చేస్తే అపొలెనా చాక్‌పీసు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. కుర్చీలో ఎవరో ఉన్నారు, మొహమంతా నురగ. ముందే చెప్పానుగా, నురగ కింద అందరూ ఒకటే. ఆవిడ చూడలేదు. చూసినా పోల్చుకునేది కాదు.

"నీ పిట్టలు నా కొంప ముంచాయి వెండెలీన్! వద్దు వద్దంటే వినవు కదా నువ్వు!"

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. సెలూన్‌లో కత్తి గాల్లో ఆగిపోయింది. వెండెలీన్‌కి భయం వేసింది. నిజంగానే వేసింది, ఆవిడ ఉద్యోగం కళ్ళముందే పోతోంది కదా. కాని ఆ భయం కింద ఇంకోటి కూడా ఉంది, అది అతను తర్వాత ఎన్నో ఏళ్ళు తలుచుకున్నాడు. ఆవిడ 'నువ్వు' అంది. పరుగు మీద, ఆయాసంలో, ఆలోచించుకోకుండా అంది. అంటే లోపల్లోపల ఎన్నాళ్ళ నుంచి నువ్వు అంటోందో!

నురగ మొహం కళ్ళు తెరిచింది. "ఏ పిట్టలు? ఈవిడేనా ఆ టీచరు? నమస్కారమంటే నమస్కారం అన్నారు, 'నువ్వు' అంటోందేం?"

అపొలెనా మొహంలో రక్తం లేదు. అప్పుడు బల్ల మీంచి చెవిటి కొసినా గొంతెత్తాడు.

"ఏంటీ? పెళ్ళా? పెళ్ళి సంగతేనా మాట్లాడుతున్నారు? చెప్పెయ్యవయ్యా అల్లుడూ, ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు!"

"దాచడమా!" బార్తొష్ అందుకున్నాడు. "ఊరంతటికీ తెలుసండీ. పాపం, వీళ్ళిద్దరికే తెలీదు ఊరికి తెలుసని. ఆ పుస్తకాలు చూడండి కామ్రేడ్, పేజీ పేజీకీ గోరింకలే. ష్పాచెక్ అంటే ఏంటి మరి? ప్రేమలో పడ్డ ఆడది అలాగే చేస్తుంది. మా ఆవిడ పెళ్ళికి ముందు కేకుల మీద క్రీముతో నా పేరు రాసేది. ఇప్పుడు బాకీల పలక మీద రాస్తోంది."

"అదే సంతకం ఇతను పత్రికలో..." అంటూ లేవబోయాడు జిల్లా మనిషి. వెండెలీన్ అతని ముక్కు కొస పట్టుకుని పైకెత్తాడు. "పైపెదవండీ. కదిలితే తెగుతుంది."

ముక్కు దొరికింది, మనిషి కాసేపు చేతిలో ఉన్నాడు. అపొలెనాకి ఊపిరి తీసుకోవడానికి ఆ కాసేపు చాలింది.

"ఆయన సంతకం చూసే నేర్చుకున్నాను కామ్రేడ్," అంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నటన కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. "బొమ్మలు నావే. పిట్టలు ఆయన కోసం. చిన్నపిల్లలా చేశాను. తప్పయితే తుడిచేస్తాను."

జిల్లా మనిషి గడ్డం తుడుచుకున్నాడు. పుస్తకాలు సంచిలో పెట్టుకున్నాడు. "పెళ్ళెప్పుడు?"

"పుట్టగొడుగుల కాలం అయ్యాక," అన్నాడు చెవిటి కొసినా, తననెవరూ అడక్కుండానే.

"ఫోటో ఒకటి పంపించండి. ఫైల్లో పెట్టుకోవాలి," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఎవరికీ నచ్చలేదు.

అలా అక్టోబరులో పెళ్ళి జరిగింది. మునిసిపల్ ఆఫీసులో సంతకాలు, బార్తొష్ భట్టీ నుంచి రెండు బుట్టల కొలాచ్ తీపి రొట్టెలు, ఫోటో. అపొలెనా ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు. పుస్తకాల మీద ఉన్నది ఆ పేరే కదా, కప్పు తీసేస్తే ఎలా?

సాయంత్రం అందరూ వెళ్ళాక వెండెలీన్ ప్లమ్ సారా రెండు చిన్న గ్లాసుల్లో పోసి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. అనకూడదు, అడగాల్సింది ఆవిడ. అపొలెనా గ్లాసుల వంక చూసింది.

"ష్పాచెక్ గారూ," అంది మెల్లగా, "ఆ రోజు నోరు జారింది. అది లెక్కలోకి రాదు. భయంతో పెళ్ళి చేసుకున్నాం, సరే, ఉద్యోగం నిలబడింది. 'నువ్వు' కూడా భయంతో అనలేను. మొహాన సబ్బు పూసుకున్న వాడెవడో ఇప్పించిన 'నువ్వు' నాకొద్దు."

"మరెప్పుడండీ?"

"తెలీదు."

అతను తన గ్లాసు తాగాడు. ఆమె గ్లాసు తిరిగి సీసాలో పోశాడు, ఒక్క చుక్క ఒలకలేదు.

భార్య భర్తని 'మీరు' అంటే ముచ్చటపడే చోట్లు లోకంలో ఉన్నాయని విన్నాను. మా యావొర్నాలో అది మొహాన తలుపు వేసినట్టు. అయినా ఆ ఇంట్లో పధ్నాలుగేళ్ళు అదే సాగింది. తమాషా ఏమిటంటే అంతా తల్లకిందులైపోయింది. పెళ్ళికి ముందు వీధిలో 'మీరు' అనుకోవాల్సినవాళ్ళు, ఇప్పుడు జిల్లా కళ్ళు ఎక్కడున్నాయో తెలీదు కనక వీధిలో 'నువ్వు' అనుకోవాలి. గుమ్మంలో బయటి బూట్లు విప్పి, ఇంటి చెప్పులు తొడుక్కుంటారు చూడండి, అక్కడ 'నువ్వు' కూడా విప్పేసేవారు. లోపల మళ్ళీ, "ఉప్పు అందిస్తారా?" "ఇదిగోనండి."

దాంతో వెండెలీన్‌కి వీధి మీద ప్రేమ పుట్టింది. ఇంట్లో ఉప్పు ఉండగానే అయిపోయిందనేవాడు. మాకు ఎప్పుడో గాని దొరకని అరటిపళ్ళు వచ్చాయంటే చాలు, ఆమెని తీసుకుని అందరికన్నా పొడుగు వరసలో నిలబడేవాడు. "నీకు చలేస్తోందా?" "మఫ్లర్ సరిగ్గా చుట్టుకో, ముసలాడివైపోతున్నావు," అని ఆమె అంటుంటే పళ్ళు అయిపోయినా అతనికి దిగులుండేది కాదు. వానొచ్చినా గొడుగు పట్టుకుని చుట్టుతోవన ఇంటికి తీసుకొచ్చేవాడు. ఊరు దాన్నీ చూసింది, దాన్నీ లోపల దాచుకుంది.

ఆ పధ్నాలుగేళ్ళలో పదకొండు పుస్తకాలు చేశారు. అతను ఆమెని ఒక్కసారీ గీయలేదు. ఆమె ఒకసారి అడిగింది, "ఊళ్ళో బాతుల్నీ గుడ్లగూబల్నీ గీశారు, నాకేం తక్కువండీ?" అని. "మీ ముక్కు ఇంకా నా చేతికి దొరకలేదండీ," అన్నాడు. ఆమె నవ్వింది గాని, అతని ఒట్టు సంగతి ఆమెకి తెలీదు.

ఎనభై నాలుగులో ముసలి కొసినా మంచాన పడ్డాడు. ఓ రోజు అల్లుణ్ణి దగ్గరికి పిలిచి, గుసగుసగా, "నాకు బాగానే వినపడుతుందోయ్," అన్నాడు. "మొదట్నుంచీ. పోస్ట్‌మాన్‌కి చెవుడుంటే ప్రశ్నలు తప్పుతాయి. మీ ఇద్దరి 'అండీ'లూ వినలేక చస్తున్నా. ఇంట్లో పోస్టాఫీసు కౌంటరు ముందు పడుకున్నట్టుంది."

"నేనేం చెయ్యను మావయ్యా? అడగాల్సింది ఆవిడ కదా."

"దానిది వాళ్ళమ్మ మొండితనం. ఓపిక పట్టు. ఆలస్యమైన ఉత్తరం పోయిన ఉత్తరం కాదు," అన్నాడు కొసినా. ఆ వారమే వెళ్ళిపోయాడు.

ఎనభై తొమ్మిది నవంబరులో జనం కూడళ్ళలో నిలబడి తాళంచెవులు గలగలలాడించారు, చుట్టాలు ఇక బయల్దేరవచ్చని. యావొర్నా చౌక్‌లో కూడా గలగలలాడించాం. వెండెలీన్ సెలూన్ తాళాల గుత్తి పట్టుకొచ్చి చిన్నపిల్లాడిలా ఊపాడు. ప్రభుత్వం దిగిపోయింది, నిషేధాలూ పోయాయి. వసంతంలో బ్ర్నో నుంచి ఉత్తరం వచ్చింది. ముళ్ళపంది పుస్తకం కొత్తగా వేస్తాం, ఈసారి బొమ్మలు ఎవరివో వాళ్ళ పేరే వేస్తాం, మొదటి పేజీ అక్షరాలు ష్పాచెక్ గారే స్వయంగా రాసి పంపాలి అని.

అపొలెనా ఉత్తరం చదివి మడిచి పెట్టింది. "ఎండ వచ్చింది. ఇక మీకు కప్పు అక్కర్లేదు," అంది. కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. ఆ వారమే అటక మీది తండ్రి ట్రంకుపెట్టె దింపించింది. తెల్చ్ ఊళ్ళో పిన్ని కూతురి పక్కిల్లు ఖాళీగా ఉందట, రిటైరయ్యాక బాగుంటుందట, ఊరికే అంది.

అరవై నాలుగేళ్ళ మనిషి, ఇరవయ్యేళ్ళ తర్వాత తన పేరు తనకి వస్తుంటే ఎగిరి గంతెయ్యాలి. వెండెలీన్‌కి అన్నం సయించలేదు. పేరు వస్తోంది, మనిషి పోతోంది. వెళ్ళద్దని అడుగుదామంటే ఏ నోటితో అడగాలి? 'మీరు వెళ్ళకండి' అంటే అది అతిథితో అనే మాట. 'నువ్వు వెళ్ళకు' అనే హక్కు అతనికి ఇంకా ఎవరూ ఇవ్వలేదు. మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాడు. నాలుగో రోజు మొదటి పేజీ రాసి, వంటింటి బల్ల మీద ఆమె ముందు పెట్టి, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాడు.

ఏ కాగితం కనపడ్డా ఆమె చెయ్యి ముందు ఎర్ర పెన్సిలు మీదికి పోతుంది. ఈసారీ అంతే.

"ఏంటండీ ఇది! ఇన్నేళ్ళకి పేరు అచ్చవుతుంటే దాన్నే తప్పు రాస్తారా? ష్పాట్సెక్ ఏంటి? 'చ' మీద కొక్కెం ఏది?" పెన్సిలుతో సున్నా చుట్టింది. పై వరసలోకి వెళ్ళింది. అక్కడ తన పేరుంది. "ఇక్కడేమో అక్కర్లేని చోట పెట్టారు. అపొలెనా కొషినొవా! ఎవరండీ ఈవిడ? నా 'స' మీద కొక్కెం లేదు. ఎప్పుడూ..."

పెన్సిలు ఆగింది. ఆమె కింది పేరు చూసింది, మళ్ళీ పై పేరు చూసింది.

"నాకు రెండున్నాయి కదండీ," అన్నాడు వెండెలీన్, దుంప వైపే చూస్తూ. "ఒకటి ఎప్పుడో ఎగిరొచ్చి మీ పేరు మీద వాలింది. ఇక్కడే తిరుగుతోంది పధ్నాలుగేళ్ళ నుంచి. తప్పే. టీచరు మీరు. తోలెయ్యాలంటే తోలెయ్యండి."

ఆమె పెన్సిలు పక్కన పెట్టింది. తర్వాత రబ్బరు తీసుకుని, తాను చుట్టిన ఎర్ర సున్నాని తుడవడం మొదలుపెట్టింది. ఎర్ర పెన్సిలు గీత అంత తేలిగ్గా పోదు. గులాబీ రంగు మరక మిగిలింది. ఊదింది, అరచేత్తో తుడిచింది, ఇక పోదని వదిలేసింది.

"ఉండనివ్వు," అంది.

వెండెలీన్ చేతిలో చాకు ఆగిపోయింది. తల ఎత్తాడు గాని ఏమన్నావని అడగలేదు. ఇద్దరి కాళ్ళకీ ఇంటి చెప్పులే ఉన్నాయి. కిటికీ వేసే ఉంది. జిల్లా నుంచి ఎవరూ రాలేదు, వీధిలో వినేవాళ్ళు ఒక్కరూ లేరు.